పనుల పట్టిక, పనుల వరుస

(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



ఉగాదినాడు కవిత్వం గురించో, పంచాంగ ఫలితాల గురించో మాట్లాడడం మనకు వాడుక. కార్యదర్శిగారు మాత్రం నన్ను, "మీ వృత్తికి సంబంధించినది, నలుగురికీ పనికివచ్చేది ఏదైనా చెప్పండి" అని కోరారు. నా వృత్తి పనుల ప్రణాళికలు వేయడం. ఏ పని ముందు, ఏ పని వెనుక, ఎవరు చేయాలి, ఎన్నాళ్లు పడుతుంది అని లెక్క కట్టడం. ఈ లెక్కను కొందరు ఎక్సెల్ వంటి స్ప్రెడ్‌షీటులో రాసుకొంటారు. కొందరు ఆ పనికోసమే పుట్టిన ప్రణాళిక సాఫ్ట్‌వేరులో రాస్తారు. అక్కడినుంచి ఇక్కడికి, ఇక్కడినుంచి అక్కడికి పనులను తరలించడం ఎట్లా అన్నదే నేను ఈనాడు చెప్పబోయేది. ఇది విసుగు పుట్టించే విషయమని మీరు అనుకొంటే తప్పులేదు. మా అమ్మ ఉన్న ఇంట్లో కప్పు కూలిపోయేంత పని జరిగేవరకు నేనూ అట్లాగే అనుకొనేవాణ్ణి.

ముందు ఉగాది మాటే తీసుకొందాం. మన దేశంలో 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. 2025లో మార్చి 30న వచ్చింది. 2026లో మార్చి 19. ఉగాదికి ఇంగ్లీషు తేదీ నిలకడగా ఉండదు. ఉన్నది ఒక సంబంధం మాత్రమే: ఫాల్గుణ బహుళ అమావాస్య వెళ్లిన మరునాడు, చైత్ర శుద్ధ పాడ్యమి. ఆ సంబంధం తెలిసినవాడు ఏ యేటి ఉగాదినైనా కనుక్కోగలడు. అది తెలియక పోయిన యేటి పట్టికలోని తేదీని ఈ యేటికి దించుకొన్నవాడు పండుగ వెళ్లిపోయిన తరువాత మామిడాకులు కట్టుకొంటాడు. తేదీ అనేది ఫలితం. దానికి మూలం వరుస. నేను చెప్పదలచుకొన్నదంతా ఈ ముక్కలోనే ఉన్నది.

ఇక ఈ రెండు రకాల రాతలూ ఎట్లా పుట్టాయో టూకీగా చెప్పి అసలు కథకు వస్తాను. పనులను నిడివి గీతలుగా గీసి చూపే పద్ధతిని 1910 దశకంలో హెన్రీ గాంట్ అనే అమెరికా ఇంజనీరు ప్రచారంలోకి తెచ్చాడు. కాని ఒక గీత జరిగితే దానివెనుక గీత ఎంత జరగాలి అన్నది ఆ బొమ్మ తనంతట తాను చెప్పలేదు. ఆ లోటు 1957లో డ్యుపాంట్ రసాయన కంపెనీవారి లెక్కలతోను, 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణికోసం తయారుచేసిన పద్ధతితోను తీరింది. ఒక పనికి మరొక పనిని ముడివేసి, ఏ గొలుసు అన్నిటికన్న పొడవో, ఆ గొలుసే మొత్తం పని పూర్తయ్యే రోజును నిర్ణయిస్తుందని వారు తేల్చారు. మైక్రోసాఫ్ట్‌వారి ప్రాజెక్ట్ అనే సాఫ్ట్‌వేరు 1984లో వచ్చింది. దాని ప్రాణమంతా ఈ ముడిలోనే ఉన్నది.

స్ప్రెడ్‌షీటు వంశం వేరు. 1979లో బ్రిక్లిన్, ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు విసికాల్క్‌ను అమ్మకానికి తెచ్చారు. ఎక్సెల్ 1985లో పుట్టింది. అది గుమాస్తా చిట్టా పుస్తకానికి మనుమడు. గళ్లలో ఏది రాస్తే అది ఉంచుకొంటుంది. రాసినది పనియా, పప్పుల ధరయా అని అడగదు. అందుకే అది అందరికీ చనువు. మా తమ్ముడికి ఎక్సెల్ వచ్చు, ప్రాజెక్ట్ రాదు. నా ఉద్యోగమేమో ప్రాజెక్ట్‌తోనే. కథకు మూలం ఇదే.

మాది అత్తిముగం. కృష్ణగిరి జిల్లాలో హోసూరు, శూలగిరి, బేరికె ఊళ్ల నడుమ ఉన్నది. అక్కడ ఐరావతేశ్వరస్వామి గుడి ఉన్నది. హస్తిముఖమే అత్తిముగం అయిందని పెద్దలు చెప్పుకొంటారు. మూడు రాష్ట్రాల పొలిమేర కావడంచేత ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో తెలుగూ తమిళమూ కన్నడమూ, ఫ్యాక్టరీలో ఇంగ్లీషు మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. 1980లో అశోక్ లేలాండ్ కర్మాగారం వచ్చిన కాలంనుంచి హోసూరు ఫ్యాక్టరీల ఊరైంది. రాగి చేలు దున్నినవారి పిల్లలు షిఫ్టు బస్సులెక్కారు. మా తమ్ముడు అట్లా హోసూరులో షిఫ్టు పనికి వెళతాడు. నేను మరికొంత దూరం వచ్చి ఈ దేశంలో పడ్డాను.

2022లో అమ్మకు ఊళ్లో ఇల్లు కట్టించడం మొదలుపెట్టాము. తమ్ముడు ఎక్సెల్‌లో పనుల జాబితా తయారుచేశాడు. మొత్తం 47 పనులు. పునాది, గోడలు, లింటెలు, సెంట్రింగు, కమ్మి కట్టడం, కరెంటు పైపులు, కప్పు కాంక్రీటు, నీళ్లు కట్టడం, సెంట్రింగు విప్పడం, పూత, ఇట్లా. ప్రతి పనికి ఎదురుగా మొదలుపెట్టే తేదీ, ఎన్ని దినాలు, ఎవరు అని మూడు గళ్లు. ఆఖరున "ఏది అయినాక" అని ఇంకొక గడి. అందులో "కమ్మి కట్టినాక", "కప్పు పోసిన పద్నాలుగు దినాలకు" అని మాటలతో రాశాడు. వాడి జాబితాలో అన్నిటికన్న విలువైన గడి అదే. అది నాకు తరువాత తెలిసింది.

వాడు ఆ జాబితాను కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైలుగా, అంటే సి.ఎస్.వి.గా పంపాడు. నేను దానిని ఇక్కడ తెరిచాను. పెట్టగానే రెండు వింతలు కనిపించాయి. మొదటిది, తెలుగు అక్షరాలన్నీ పిచ్చిగీతలైపోయాయి. యూనికోడు పద్ధతి అయిన యు.టి.ఎఫ్.-8లో దాచి పంపి, ఇక్కడా అదే పద్ధతిలో తెరిస్తేగాని తెలుగు నిలవదు. రెండవది, తేదీలు. మనం దినం ముందు రాసి నెల తరువాత రాస్తాము. ఈ దేశంలో నెల ముందు. తమ్ముడు 05/09/2022 అని సెప్టెంబరు 5ను రాస్తే నా కంప్యూటరు దానిని మే 9గా చదివింది. 19/09/2022 అన్నదానికి పంతొమ్మిదవ నెల లేదు కాబట్టి అది తేదీగా మారక ఉత్త అక్షరాలుగా ఉండిపోయింది. ఇదే ఇందులోని ప్రమాదం. అన్నీ తప్పితే ఎవడైనా పట్టుకొంటాడు. సగం మారి సగం మారకపోతే కన్ను మోసపోతుంది. నా అదృష్టంకొద్దీ, పునాదికి ముందే కప్పు పడినట్టు కనిపించి నవ్వు వచ్చింది. కూర్చుని తేదీలన్నీ చేత్తో దిద్దాను.

దిద్దిన తరువాత ప్రాజెక్ట్‌లోకి దించాను. ఏ గడి ఏ శీర్షికకు చెందుతుందో అది అడుగుతుంది. పేరుకు పేరు, తేదీకి తేదీ, అవధికి అవధి చూపించాను. "ఏది అయినాక" అనే గడి దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే సాఫ్ట్‌వేరు అక్కడ పని సంఖ్యను కోరుతుంది. తమ్ముడు మాటలు రాశాడు. 47 పనులకు మాటలను అంకెలుగా మార్చాలంటే ఒక సాయంత్రం పడుతుంది. "తరువాత చూద్దాం" అనుకొని ఆ గడిని వదిలేశాను. తేదీలు ఉన్నాయి కదా, గీతలు అందంగా వచ్చాయి కదా అని తృప్తిపడి, ఆ బొమ్మను కాగితాలమీదికి ఎక్కించి తమ్ముడికి పంపాను. వాడు దానిని మేస్త్రికి, కరెంటువానికి, సెంట్రింగు బాడుగకిచ్చే ఆయనకు తలా ఒకటి పంచాడు.

ఆ యేడు ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట మా వైపు వానలు విపరీతం. సెప్టెంబరు 5, సోమవారం పోయవలసిన కప్పు 14వ తేదీ బుధవారానికి గాని పడలేదు. తమ్ముడు ఫోను చేసి చెప్పాడు. నేను ప్రాజెక్ట్‌లో కప్పు తేదీని 14గా మార్చాను. ఆ గీత ఒక్కటే జరిగింది. దానివెనుక ఉన్న "సెంట్రింగు విప్పడం" సెప్టెంబరు 19న ఉన్నది ఉన్నట్టే కూర్చున్నది. వాటిమధ్య ముడి లేదు కదా! ముడిని నేనే దారిలో పారేశాను. నేను గమనించలేదు. పని ఒత్తిడిలో తమ్ముడూ గమనించలేదు.

ఇక్కడ ఒక మాట తెలియాలి. పచ్చి కప్పు కింద ఊతకట్టెలు ఎన్నాళ్లు ఉండాలనేదానికి మన దేశంలో ఐ.ఎస్. 456 అనే ప్రమాణం ఉన్నది. మామూలు సిమెంటుతో పోసినప్పుడు, గోడకూ గోడకూ మధ్య నాలుగున్నర మీటర్లవరకు అయితే 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు. మా ముందు హాలు అయిదు మీటర్లు. కాబట్టి 14 రోజులు. అంటే 28వ తేదీవరకు ఆ కట్టెలను ముట్టుకోరాదు.

19వ తేదీ సోమవారం పొద్దున్నే సెంట్రింగువారు టెంపో తెచ్చుకొన్నారు. తమ్ముడు మొదటి షిఫ్టుకు వెళ్లిపోయాడు. ఇంటిదగ్గర అమ్మ ఒక్కతే ఉన్నది. ఆమె కప్పు పోసిన మరునాటినుంచి రోజూ పొద్దున, సాయంత్రం నిచ్చెనెక్కి, మట్టికట్టలు కట్టి నీళ్లు నిలుపుతున్నది. అప్పుడు జరిగిన మాటలు తమ్ముడు తరువాత నాకు చెప్పాడు.

"ఏమప్పా, టెంపో తెచ్చినారు?" అన్నది అమ్మ.

"కట్టెలు విప్పేదానికి వచ్చినామమ్మా. కాగితంలో ఈ దినమే రాసుండారు" అన్నాడు అతను.

"కప్పు పోసింది మొన్న బుధవారం. నేను నీళ్లు కట్టబట్టి అయిదు దినాలు. పద్నాలుగు కాకుండా ఎట్ల విప్పుతావు?"

"మీ పెద్దకొడుకే కంప్యూటర్లో చూసి పంపినాడంట కదమ్మా."

"వాడు కాగితానికి నీళ్లు పోసినాడా, కప్పుకు పోసినాడా? మేస్త్రికి ఫోన్ చెయ్యి."

మేస్త్రి ఫోనులోనే కేకలు పెట్టాడట. టెంపో వెనక్కి పోయింది. తొమ్మిది దినాల బాడుగ ఎక్కువ ఇచ్చుకొన్నాము. తమ్ముడు ఆ రాత్రి నాతో ఎక్కువ మాట్లాడలేదు. "అన్నా, నేను రాసింటి కదా, కప్పు పోసిన పద్నాలుగు దినాలకు అని" అన్నాడు, అంతే. ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతూ ఉంటుంది. అదేమి తప్పు సాఫ్ట్‌వేరుది కాదు. ఎక్సెల్‌ది కాదు. ఇన్నేళ్లుగా జీతం తీసుకొని ఈ పనే చేస్తున్న నాది. ఎక్సెల్ ముఖమైనా చూడని మా అమ్మ తేదీని నమ్మలేదు, వరుసను నమ్మింది.

మన భాషలో వరుస అనే మాటకు క్రమం అనీ అర్థమున్నది, చుట్టరికం అనీ అర్థమున్నది. కొత్త తెలుగువారు కనిపించగానే ఊరూ పేరూ అడిగి, "అయితే మీరు మాకు వరుసకు ఏమవుతారు?" అని లెక్క తీస్తాము. పనులను తరలించేటప్పుడు కూడా అదే అడగాలి. ఆ పద్ధతిని నాలుగు మాటల్లో చెబుతాను. ఇల్లు కట్టించేవారికి, పెళ్లి చేసేవారికి, మన సంఘం పనులు చూసేవారికి కూడా ఇది పనికివస్తుందని నా నమ్మకం.

మొదటిది, ప్రతి పనికి ఒక సంఖ్య ఇవ్వండి. ఇచ్చిన సంఖ్యను మార్చకండి. ప్రాజెక్ట్‌లో "ముందరి పని" గడిలో సంఖ్యలే ఉంటాయి. 23 అని రాస్తే ఇరవైమూడవ వరుసలోని పని ముగిసిన తరువాత అని అర్థం. స్ప్రెడ్‌షీటులో ఎవరో మేస్త్రి పేరునుబట్టి జాబితాను తిరగేర్చారనుకోండి, ఇరవైమూడవ వరుసలో కప్పుకు బదులు కిటికీలు వచ్చి కూర్చుంటాయి. అప్పుడు కిటికీలు అయిన పద్నాలుగు దినాలకు కట్టెలు విప్పమంటుంది. అందుచేత దించబోయేముందు జాబితాను మళ్లీ సంఖ్యల క్రమంలో పెట్టండి.

రెండవది, తేదీలను మోయకండి. అవధిని, ముందరి పనిని మోయండి. తనంతట తాను లెక్కకట్టే పనికి మీరు ప్రారంభ తేదీని ఇస్తే, ప్రాజెక్ట్ దానిని "అంతకుముందు మొదలుపెట్టరాదు" అనే నియమంగా పట్టుకొంటుంది. తరువాత ముందరి పని త్వరగా అయిపోయినా ఇది ముందుకు జరగదు. మొత్తం పనికి ఒక్క ప్రారంభ తేదీ ఇచ్చి, తక్కినవాటిని దానినే లెక్కకట్టనివ్వండి. మార్చరాని ముహూర్తం ఉంటే, గృహప్రవేశంవంటిది, దానికొక్కదానికే తేదీ ఇవ్వండి.

మూడవది, దినం అంటే ఏ దినమో చెప్పండి. ప్రాజెక్ట్ మామూలుగా సోమవారంనుంచి శుక్రవారంవరకు, రోజుకు ఎనిమిది గంటలు అనుకొంటుంది. మా మేస్త్రి శనివారం పనిచేస్తాడు. హోసూరు చంద్రచూడేశ్వరస్వామి తేరునాడు మాత్రం రాడు. ఆ క్యాలెండరును మనమే నింపాలి. కాని కప్పు గట్టిపడడానికి శని ఆదివారాలు లేవు, రాత్రి పగలు లేదు. అట్టివాటికి గడిచిన దినాల లెక్క వేరే ఉన్నది. కప్పు పోయడం 23వ పని అయితే, కట్టెలు విప్పే పనికి ముందరి పని గడిలో "23 ఎఫ్.ఎస్. + 14 ఈ.డీ." అనే గుర్తును ఇంగ్లీషు అక్షరాలతో రాయాలి. కప్పు ముగిసిన తరువాత 14 రాత్రింబగళ్లు గడిచినాక అని దాని తాత్పర్యం. మా తమ్ముడు మాటలతో రాసినది అచ్చంగా ఇదే.

నాలుగవది, దించిన తరువాత నమ్మకుండా పరీక్షించండి. పునాదిని ఉత్తుత్తిగా పదిరోజులు వెనక్కి జరపండి. ఆఖరున ఉన్న సున్నం పనికూడా జరిగిందా? జరగకపోతే మధ్యలో ఎక్కడో ముడి తెగింది. వెతకండి. చూసిన తరువాత పునాదిని యథాస్థానంలో పెట్టండి. ఇంకొకటి, అక్కడ ఎన్ని పనులున్నవో ఇక్కడ అన్నీ వచ్చాయేమో లెక్కపెట్టండి. ఇది చిన్నతనం కాదు. 2020లో ఇంగ్లండు ప్రజారోగ్యశాఖవారు కోవిడ్ రోగుల జాబితాను పాత ఎక్సెల్ ఫైలులోకి దించుతుండగా, దానికి 65,536 వరుసలకు మించి పట్టవు కాబట్టి, మిగిలినవి చప్పుడు లేకుండా రాలిపోయాయి. సెప్టెంబరు 25నుంచి అక్టోబరు 2వరకు 15,841 మంది రోగుల వివరాలు లెక్కలో చేరలేదు. వారిని కలిసినవారిని వెతికి హెచ్చరించడం ఆలస్యమైంది. అటు ఇటు వరుసలు లెక్కపెట్టి ఉంటే ఆ క్షణమే తెలిసేది.

ఇక తిరుగు ప్రయాణం. ప్రాజెక్ట్ అందరి దగ్గరా ఉండదు. మేస్త్రికి, వంటవారికి అది అక్కరలేదు. కాబట్టి తయారైన ప్రణాళికను మళ్లీ స్ప్రెడ్‌షీటుకు పంపక తప్పదు. అప్పుడు అవధి "3 రోజులు" అన్నట్టు మాటగా వెళుతుంది; మూడు అనే అంకెగా వెళ్లదు. దానిని కూడబోతే మొత్తం రాదు. ఇది చిన్న చిక్కు. పెద్ద చిక్కు ఏమిటంటే, రెండుచోట్లా రెండు చేతులు దిద్దడం. మేము ఇప్పుడు ఒక కట్టుబాటు చేసుకొన్నాము. వరుసలు, అవధులు దిద్దేది నేనొక్కడినే, ప్రాజెక్ట్‌లో. జరిగినది రాసేది తమ్ముడొక్కడే, ఎక్సెల్‌లో: ఏది మొదలైంది, ఏది ముగిసింది, ఎంత మిగిలింది. వారానికొకసారి వాడు రాసినదానిని నేను లోపలికి తీసుకొంటాను. కొత్త ఫైలుగా తెరవాలా, చివర చేర్చాలా, ఉన్నదానిలో కలపాలా అని అది అడుగుతుంది. కలపమని చెప్పి, మన స్థిర సంఖ్య రాసుకొన్న గడిని తాళంచెవిగా చూపితే ఏ పని వివరం ఆ పనికే చేరుతుంది. చివర చేర్చమంటే 47 పనులు 94 అవుతాయి. ఆ పొరపాటూ నేను ఒకసారి చేశాను.

ప్రాజెక్ట్ కొనుక్కోవలసిన సాఫ్ట్‌వేరు. డబ్బు పెట్టనక్కరలేనివి ప్రాజెక్ట్‌లిబ్రే, గాంట్‌ప్రాజెక్ట్ వంటివి ఉన్నాయి. చిన్న పనులకు అవి చాలు. ఏదీ వద్దు, స్ప్రెడ్‌షీటే చాలుననుకొనేవారికి కూడా నా మనవి ఒకటే: "ఏది అయినాక" అనే గడిని మాత్రం విడవకండి. పది పనులున్న జాబితా అయినా సరే.

ఈ పండుగకు మన సంఘంవారు రాసుకొన్న జాబితాను నేను చూశాను. హాలు, వంట, పిల్లల నాటకం, మైకు, పచ్చడికి వేపపువ్వు, అన్నిటికీ తేదీలున్నాయి. ఏది అయినాక ఏది అని లేదు. అది మనలో ఇద్దరు ముగ్గురు పెద్ద అక్కయ్యల మనసులో ఉన్నది కాబట్టి పండుగ జరిగిపోయింది. వారు ఒక యేడు ఊరికి వెళితే ఎట్లా? వచ్చే యేటికి వారి పక్కన కూర్చుని ఆ గడి నింపే పని నేను చేస్తానని ఈ సభాముఖంగా మాట ఇస్తున్నాను.

మా ఇంటి కట్టెలు సెప్టెంబరు 28న విప్పారు. ఆనాడు తమ్ముడు సెలవు పెట్టి దగ్గరుండి విప్పించి, హాలు నడుమ నిలబడి కప్పును చూస్తున్న అమ్మ ఫోటో పంపాడు. నా బల్లమీద అది ఇప్పటికీ ఉన్నది. కొత్త జాబితా ఏది వచ్చినా దానినొకసారి చూసి, ఆఖరు గడి మొదట తెరుస్తాను.

కొత్త సంవత్సరం మీ ఇళ్లలో అన్ని పనులనూ సవ్యమైన వరుసలో నడిపించుగాక అని కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాను.